కదలని భీమన్న

పెదకంచరలో పెళ్ళి బాజా వినబడిందంటే హాస్టలు ఆడపిల్లలు గబగబా పెట్టెలు సర్దుకుంటారు. పెళ్ళి వాళ్ళది కాదు. వాళ్ళు పడుకునే చోటు మాత్రం పెళ్ళివాళ్ళది. ప్రభుత్వం వారి పాత హాస్టలు పైకప్పు పెచ్చులూడి ఒకరోజు సరాసరి పప్పు గుండిగలో పడింది. మర్నాడే అధికారులు పిల్లల్ని గంధం వారి కల్యాణమండపానికి తరలించి, ఇది తాత్కాలికం అన్నారు. ప్రభుత్వం వారి తాత్కాలికానికి ఆయుష్షు ఎక్కువ. అప్పట్నుంచీ ఆ పిల్లలు థర్మోకోల్ హంసల కింద, పెళ్ళిపీటల పక్కన లెక్కలు చేసుకుంటూ బతుకుతున్నారు. ముహూర్తం వచ్చినప్పుడల్లా ట్రంకుపెట్టెలు నెత్తిన పెట్టుకుని మార్కెట్ యార్డు షెడ్డుకు పోయి, మిరపకాయల బస్తాల మధ్య తుమ్ముకుంటూ కూర్చుని, అప్పగింతలయ్యాక తిరిగొస్తారు.

ఇదైనా ఎన్నాళ్ళో సాగేలా లేదు. మండపం యజమాని గంధం వీరభద్రం శ్రావణమాసం మొత్తం బుక్ అయిపోయిందనీ, ఇక పిల్లల్ని ఉంచుకోవడం తనవల్ల కాదనీ ఖండితంగా చెప్పేశాడు. అప్పటికి కొత్త హాస్టలు పూర్తికాకపోతే పిల్లల్ని జిల్లా కేంద్రంలోని హాస్టల్లో కలిపేస్తామని పైవాళ్ళు ఉత్తర్వు సిద్ధం చేసి ఉంచారు. పిల్లల్లో చాలామంది ఉప్పుమళ్ళలో పనిచేసేవాళ్ళ కూతుళ్ళు. పెదకంచర దాటించి అంతదూరం పంపడానికి వాళ్ళ ఇళ్ళలో ఎవరూ ఒప్పుకోరు. చదువు మానిపించి ఏదో ఒక సంబంధం చూసేస్తారు. అప్పుడిక పెళ్ళి బాజా నిజంగానే వాళ్ళ కోసం మోగుతుంది.

ఈ సంగతి అందరికంటే బాగా తెలిసిన మనిషి అసిస్టెంట్ ఇంజనీరు హైమవతి. రైల్వే గేటు పక్కన కొత్త హాస్టలు కట్టించే బాధ్యత ఆమెదే. ముక్కుమీద కోపం, హ్యాండిల్ వంకరపోయిన స్కూటీ, ఎండకీ వానకీ ఒకటే గొడుగు, ఇవీ ఆమె ఆస్తులు. శ్రీకాకుళం వైపు నుంచి వచ్చిన మేస్త్రి దాలినాయుడి ముఠాతో పని పరుగులు పెట్టించేది. కింది అంతస్తు స్లాబు పడింది, ముందు గోడ పైదాకా లేచింది. ఈ లెక్కన శ్రావణానికి ముందే పిల్లల చేత గృహప్రవేశం చేయించవచ్చని ఆమె ధీమాగా ఉంది.

లేస్తున్న మేడకు నరుడి కన్ను తగలకూడదని దాలినాయుడు ఆనవాయితీ ప్రకారం ముందు పరంజాకు ఒక దిష్టిబొమ్మను కట్టాడు. పాత పంట్లాం, పాత చొక్కా, లోపల ఎండుగడ్డి, పైన సున్నపు బొట్లు పెట్టిన కుండ, కుండ మీద కోరమీసం, బయటికి వేలాడే ఎర్రగుడ్డ నాలుక. ముఠావాళ్ళు దానికి భీమన్న అని పేరు పెట్టి పోతూ వస్తూ పలకరించేవాళ్ళు. డిపార్టుమెంటు ఇచ్చిన పసుపు రంగు హెల్మెట్లు నెత్తిన ఉడికిస్తున్నాయని కూలీలంతా వాటిలో ఉల్లిపాయలూ టమాటాలూ పోసుకోగా, ఒకటి మిగిలింది. గాలికి కుండ పగలకుండా ఉంటుందని దాలినాయుడు దాన్ని భీమన్న నెత్తిన పెట్టాడు. ఆ రకంగా పెదకంచర సైటులో భద్రతా నియమాలు పాటించే ఏకైక వ్యక్తి భీమన్న అయ్యాడు.

అంతా సవ్యంగా ఉందనుకుంటుండగా రాజధానిలో ఒక పెద్దమనిషి విదేశం వెళ్ళొచ్చాడు. ఆయన పేరు మనోహర వర్ధన్, ఐఏఎస్. అక్కడ ఒక కార్ల ఫ్యాక్టరీ చూసి, తిరుగు విమానంలోనే జ్ఞానోదయం పొంది, దిగీ దిగగానే ‘నిర్మాణరంగ ఉత్పాదకతా మహోద్యమం’ స్థాపించి దానికి తానే కమిషనరయ్యాడు. జిల్లా ఇంజనీర్లందరినీ ఒక చల్లటి హాల్లో కూర్చోబెట్టి, జీడిపప్పు పంచి, తన సిద్ధాంతం వినిపించాడు.

“ఆ దేశంలో కార్మికుడు కదలడు. కారే కదిలి కార్మికుడి దగ్గరికి వస్తుంది. మన దగ్గర కార్మికుడు ఇటుక నెత్తిన పెట్టుకుని అటూ ఇటూ తిరుగుతున్నాడు. దీన్ని ఉత్పాదకత అనరు, తీర్థయాత్ర అంటారు. కదలికే వృథా. వృథాయే కదలిక. ఈ సత్యాన్ని మనం క్షేత్రస్థాయికి తీసుకువెళ్ళాలి.”

హాలంతా చప్పట్లు కొడుతుంటే హైమవతి లేచి నిలబడింది. ఆమె లేచిందంటే పక్కవాళ్ళు కాస్త దూరం జరుగుతారు. “కారు కదిలి వస్తుంది సార్. మేడ రాదు కదా?” అని అడిగింది.

కమిషనర్ జాలిగా నవ్వాడు. “అదేనమ్మా ఈ రంగం వెనకబాటుతనం,” అన్నాడు. దానికి మరింత గట్టిగా చప్పట్లు పడ్డాయి.

వారం తిరిగేసరికి సైటు ముందు ఒక స్తంభం, స్తంభం మీద ‘శ్రమనేత్రం’ అనే కెమెరా వెలిశాయి. దాని ముందున్న ప్రతి మనిషినీ అది గుర్తుపట్టి ఒక నంబరిస్తుంది. మనిషి కదిలినప్పుడల్లా మార్కులు కోస్తుంది. మెట్లెక్కితే కోత, దిగితే కోత. ఇటుక అందుకోవడానికి వంగితే కోత, వంగిన నడుం పట్టుకుని లేస్తే రెండింతల కోత. టీ గ్లాసు ఎత్తితే ఏమవుతుందో చెప్పనక్కర్లేదు. మార్కులు తగ్గిన సైటుకు సిమెంటు ఆపేస్తారు.

దాలినాయుడు స్తంభం కింద నిలబడి ఆ యంత్రాన్ని కాసేపు తేరిపార చూశాడు. “కదలకండా గోడెలా లేస్తాదండి మేడం గారూ? ఇటికలు ఎగిరొచ్చీసి కూకుంటాయేటి?” అన్నాడు. హైమవతి వెంటనే కాగితం తీసింది. కమిషనర్ ఆఫీసుకు అదే ప్రశ్నను మర్యాద భాషలోకి మార్చి రాసింది. ‘తాము లేవనెత్తిన అంశం పరిశీలనలో ఉన్నది. ఈలోపు కదలికలను కనిష్ఠ స్థాయికి కుదించవలసినదిగా కోరడమైనది’ అని జవాబొచ్చింది.

మొదటి నెల ఫలితాల్లో పెదకంచర రాష్ట్రంలోనే అట్టడుగున నిలిచింది. తట్టలు మోసే ఆడవాళ్ళు మరీ ఘోరంగా తప్పారు. పైడితల్లి అనే ఆమె ఒక్కతే ఒక తాలూకా మొత్తం మీద జరగాల్సిన వృథా చేసిందట. సిమెంటు లారీ రావడం మానేసింది. హైమవతి కడుపు మండి ఆఫీసులో కూర్చుని ఉండగా ఫోను మోగింది. కమిషనర్ ఆఫీసు నుంచి. అటుపక్క గొంతులో తిట్లకు బదులు పూలు రాలుతున్నాయి. సైటు దారుణంగా ఉన్నా రాష్ట్రం మొత్తంలో నూటికి నూరు సాధించిన ఏకైక కార్మికుడు పెదకంచరలోనే ఉన్నాడనీ, ఆ కార్మికుడు నెలంతా ఒక్క అనవసర కదలిక లేకుండా, ఒక్క సెలవు పెట్టకుండా, హెల్మెట్ తీయకుండా విధుల్లో ఉన్నాడనీ ఆ గొంతు చెప్పింది. ఎవరాయన అని అడిగింది.

హైమవతి ఒక్క క్షణం ఆలోచించి కళ్ళు మూసుకుంది. “భీమన్న అంటారు గానీ, ఆయన మనిషి కాదండీ. దిష్టిబొమ్మ,” అంది.

 అటుపక్క గొంతులో పూలు రాలడం ఆగిపోయింది. “అమ్మా, తోటి కార్మికుడి రూపురేఖల గురించి అలా మాట్లాడటం సేవా నియమాలకు విరుద్ధం.”

ఆమె పట్టు వదలక భీమన్నను నాలుగు వైపుల నుంచీ ఫొటోలు తీసి పంపింది. ‘తాము సమర్పించిన ఛాయాచిత్రములలో సదరు కార్మికుడు పూర్తి ఏకాగ్రతతో విధినిర్వహణలో ఉన్నట్లు స్పష్టమగుచున్నది. తమ ఫిర్యాదు వ్యక్తిగత ద్వేషముతో కూడినదిగా భావించవలసి వచ్చుచున్నది’ అని తిరుగు టపాలో వచ్చింది. ఆపైన కమిషనర్ గారే స్వయంగా వచ్చి భీమన్నను సత్కరిస్తారన్న వార్త వచ్చింది. హైమవతికి ఒకందుకు ఊరట కలిగింది. ఫొటోలో తెలియకపోతే పోనీ, కళ్ళతో చూస్తే ఎంతటి ఐఏఎస్‌కైనా కుండకీ తలకీ తేడా తెలుస్తుంది కదా.

సత్కారం రోజున షామియానా వేశారు. కమిషనర్ శాలువా చేత్తో పట్టుకుని, వెనక విలేఖరులు తోసుకుంటుండగా, పరంజా దగ్గరికి నడిచి భీమన్న ఎదుట ఆగాడు. కుండను చూశాడు. సున్నపు బొట్లు చూశాడు. వేలాడే నాలుకను చూశాడు. న్యాయంగా చెప్పుకోవాలంటే ఆయన తెలివితక్కువవాడేం కాదు. చూసీ చూడగానే ఆయనకు విషయం తెలిసిపోయింది, చెవులు ఎర్రబడటం హైమవతి కళ్ళారా చూసింది. కానీ రాష్ట్రంలో ఉత్పాదకత పెరుగుతోందని అప్పటికే మంత్రివర్గంలో చెప్పి ఉన్నాడు. పెరిగింది భీమన్న ఒక్కడిదే. వెనక్కి తిరిగితే కెమెరాలు, ముందుకు చూస్తే కుండ. తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్ళు అనేవాళ్ళకు నాలుగో కాలు కనబడినప్పుడు చేసేది ఒకటే. ఆ కాలు మీద శాలువా కప్పేస్తారు.

“భీమన్న గారు మితభాషి,” అన్నాడు కమిషనర్ మైకు అందుకుని. “ఆయన జీవితమే ఆయన సందేశం. కూలి పెంచమనలేదు. నీడ అడగలేదు. సంఘం పెట్టలేదు. నేటి నుంచి రాష్ట్రంలోని ప్రతి కార్మికుడూ భీమన్న కావాలి.” గడ్డి భుజాల మీద శాలువా నిలవక జారి కిందపడింది. సన్మానాలకు అతీతుడు అని ఎవరో వెనక నుంచి అన్నారు. పైడితల్లి కొంగు నోట్లో కుక్కుకుని తట్టల చాటుకు పోయింది. ఆ నవ్వుకి కూడా శ్రమనేత్రం మార్కులు కోసింది.

‘భీమన్న పద్ధతి’లో శిక్షణ ఇవ్వడానికి రాజధాని నుంచి ఈలలు మెడలో వేసుకుని కోచ్‌లు దిగారు. పొద్దున్నే ముఠా అంతా హెల్మెట్లలోని ఉల్లిపాయలు పారబోసి, వాటిని నెత్తిన పెట్టుకుని, కెమెరా ముందు వరుసగా నిలబడాలి. చేతులు చాచి నిలబడాలా, దించి నిలబడాలా అన్న విషయంలో కోచ్‌ల మధ్య భేదాభిప్రాయాలొచ్చి, అది తేల్చడానికి ఒక ఉపసంఘం వేశారు. నాలుక సంగతి ఐచ్ఛికం అన్నారు. కొద్ది రోజుల్లోనే పెదకంచర సైటు మార్కులు చకచకా ఎగబాకి నూటికి చేరాయి, ఇక నేర్పేదేమీ లేదని కోచ్‌లు వెళ్ళిపోయారు. అభినందన పత్రం వచ్చింది. దాని వెనకే లారీల మీద లారీలు సిమెంటు వచ్చింది. కట్టేటప్పుడు ఆపిన సిమెంటును, కట్టడం మానేశాక పంపడంలోని ఔచిత్యం ఉత్పాదకత తెలిసినవాళ్ళకే బోధపడుతుంది. గోడలు మాత్రం ఎక్కడివక్కడే ఉన్నాయి. ముసురు పట్టి, చెమ్మ తగిలి, బస్తాలు ఒక్కొక్కటే బండరాళ్ళవుతున్నాయి.

అలాంటి ఒక ముసురు పూట హాస్టలు వార్డెన్ సలోమి సైటుకొచ్చింది. పెద్దావిడ. ఎవరినీ పల్లెత్తు మాట అనే మనిషి కాదు. వరుసగా చేతులు చాచి నిలబడిన ముఠాను చూసి, తడిసిన బస్తాలను చూసి, హైమవతి పక్కన ఇటుకల దొంతర మీద కూర్చుంది.

“నాకు మీ మార్కులు తెలియవమ్మా. నిన్న ఉప్పుమళ్ళ నుంచి ఇద్దరు తండ్రులొచ్చారు. పిల్లల్ని చూడ్డానికి కాదు. పెళ్ళివారికి చూపించాలి, ఆదివారం పంపమని అడగటానికి. ఎట్లాగూ హాస్టలు ఎత్తేస్తున్నారు కదా అన్నారు. నేనేం చెప్పను?”

హైమవతికి కోపం రావడం పెదకంచరకు కొత్త కాదు. కానీ ఆ పూట వచ్చిన కోపం వేరు. అది అరవలేదు, గొడుగు విసిరికొట్టలేదు. ఆమె ‘శ్రావణం దాకా ఆగమనండి’ అని లేచి, చేతులు చాచి నిలబడ్డ దాలినాయుడి దగ్గరికి పోయి, కెమెరాకు వీపు పెట్టి నిలబడింది.

“నాయుడూ, మీ ముఠాలో పాతబట్టలు ఎవరి దగ్గరున్నాయి?”

“మా కాడ కొత్తవేటున్నాయండి,” అన్నాడు దాలినాయుడు పెదవి కదపకుండా. ఆమె ముఖం చూశాక మాత్రం ఆయన మీసం ఒక్కసారి ఎగిరింది. “ఓలమ్మో. మేడం గారు గట్టి మనిషే.”

ఆ సాయంత్రం కుమ్మరి వీధిలో కుండలన్నీ అమ్ముడుపోయాయి. ఎండుగడ్డి రెండు బళ్ళ మీద వచ్చింది. ఎవరి బొమ్మ వాళ్ళే చేసుకోవాలన్నారు కాబట్టి ముఠాలో పెద్ద పోటీ బయల్దేరింది. పైడితల్లి తన బొమ్మకు వేపపుల్లతో ముక్కుపుడక పెట్టి, పాత చీర కుచ్చిళ్ళు పోసి కట్టి, అసలుకంటే నాజూగ్గా తయారుచేసింది. దాలినాయుడి బొమ్మకు ఎవరో కావాలని గడ్డి ఎక్కువ కూరి బొజ్జ పెట్టారు. తనకంత బొజ్జ లేదని ఆయన కాసేపు దెబ్బలాడి, తడిమి చూసుకుని ఊరుకున్నాడు. మర్నాడు కరెంటు పోయిన తరుణం చూసి మనుషులు తప్పుకున్నారు, బొమ్మలు నిలబడ్డాయి. కరెంటు తిరిగొచ్చాక శ్రమనేత్రం కళ్ళు తెరిచి చూస్తే పెదకంచర ముఠా ఎప్పటిలాగే చెక్కుచెదరకుండా పనిలో ఉంది.

అసలు ముఠా ముందు గోడ చాటున పనిలో పడింది. ఇటుకలు వెనక దారిన వచ్చాయి. నిచ్చెనలు వెనకవైపు లేచాయి. తడి తగలని బస్తాలు ఏరి కలిపారు. గోడ వెనక పైఅంతస్తు పూర్తవుతుంటే కెమెరాకు కనబడదా అని హైమవతి మొదట్లో భయపడింది. కానీ అది మనుషులు కదులుతున్నారా లేదా చూడటానికి పెట్టిన కెమెరా. మేడ లేస్తోందా లేదా చూడమని దానికెవరూ చెప్పలేదు. ముందు గోడకు ప్లాస్టరింగ్ మాత్రం కరెంటు పోయినప్పుడే చేయాల్సి వచ్చేది. పెదకంచరలో అందుకు కొదవ లేదు. జనం తిట్టిపోసే విద్యుత్తు శాఖకు హైమవతి ఒక్కతే మనసులో దండం పెట్టుకునేది.

మధ్యలో ఒక గండం వచ్చింది. కమిషనర్ రాజధాని నుంచి తెర మీద కనబడి ఉత్తమ సైటు కార్మికులతో ముచ్చటిస్తానన్నాడు. బొమ్మల ఎదురుగా తెర పెట్టారు. ఆయన ఉత్పాదకతా తత్వం మీద సుదీర్ఘంగా మాట్లాడి, ఎవరికైనా సందేహాలున్నాయా అని అడిగాడు. ఎవరికీ లేవు. వేతనాల విషయంలో అసంతృప్తి ఏదైనా ఉందా అని అడిగాడు. ఎవరూ నోరు మెదపలేదు. మధ్యాహ్న విరామం రద్దుచేసే ఆలోచన ఉంది, అభ్యంతరమున్నవాళ్ళు చెయ్యెత్తమన్నాడు. బొమ్మలవి చాచిన చేతులే గానీ ఎత్తినవి కావు. తన సర్వీసులో ఇంత పరిణతి చెందిన శ్రోతల్ని చూడలేదంటూ కమిషనర్ లేచి నిలబడి చప్పట్లు కొట్టాడు.

శ్రావణమాసంలో తొలి ముహూర్తానికి గంధం వారి మండపంలో బాజా మోగింది. పిల్లలు ఎప్పటిలాగే పెట్టెలు నెత్తిన పెట్టుకున్నారు. కానీ ఈసారి మార్కెట్ యార్డు వైపు తిరగలేదు. సలోమి ముందు నడవగా రైల్వే గేటు దాటి, ఇంకా సున్నం వాసన వదలని కొత్త మేడలోకి నడిచారు. ఒక పిల్ల ఏడ్చింది, ఇద్దరు గదుల కోసం కొట్టుకున్నారు, మిగతావాళ్ళు పైకీ కిందకీ పరుగెత్తి మెట్లన్నీ తొక్కారు. హైమవతి కుళాయిలు తిప్పి చూస్తున్నట్టు నటిస్తూ కళ్ళు కడుక్కుంది. ఇంత సంతోషం ఆమెకు ఉద్యోగంలో చేరాక ఎన్నడూ కలగలేదు.

ఆ సంతోషం మీద రాజధాని నుంచి నోటీసు వచ్చి పడింది. భవనం పూర్తయిందని ఆమె రాసిన సంగతి అక్కడ పిడుగులా పేలింది. శ్రమనేత్రంలో నమోదైన దృశ్యాలన్నీ తిరగేసి చూశారు. ఎవరూ కదలలేదు. మరి ఎవరు కట్టారు? సంజాయిషీ చెప్పుకోమని ఆమెను పిలిపించారు. హైమవతి కమిషనర్ ఎదుట నిలబడి దాచకుండా చెప్పేసింది. మనుషులు కట్టారు, గోడ చాటున, కదులుతూ.

కమిషనర్ కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. కోప్పడలేదు. “చూడమ్మా, కదలకుండా కట్టారంటే అది అద్భుతం. అద్భుతాలకు మన దగ్గర పద్దు లేదు. కదిలి కట్టారంటే మా నేత్రం గుడ్డిది. అది గుడ్డిది కాదని మంత్రివర్గానికి చెప్పి ఉన్నాం. కాబట్టి ఆ భవనం లేదు.”

“లేదంటే ఎలా సార్? పిల్లలుంటున్నారు అందులో.”

“లేని భవనంలో పిల్లలుండటం మరీ ప్రమాదం. వెంటనే కూల్చివేయాలి.”

“లేని భవనాన్ని కూల్చడమెందుకు సార్?”

“లేనిది కనబడుతోంది కదమ్మా,” అన్నాడు ఆయన ఓపిగ్గా. “అది నిబంధనలకు విరుద్ధం.”

కూల్చివేత ఉత్తర్వు అక్కడికక్కడే టైపుచేసి ఆమె చేతిలో పెట్టారు. ఆ సైటు ఆమెది కాబట్టి కూల్చివేత పర్యవేక్షణ కూడా ఆమెదే. తిరుగు బస్సులో హైమవతి కిటికీ వైపు తిరిగి, పక్కన ఎవరున్నారన్న స్పృహ లేకుండా ఏడ్చింది. ఇద్దరు తండ్రులు పిల్లల్ని పెళ్ళిచూపులకు పంపమని అడగటం, పిల్లలు మెట్లు తొక్కుతూ పరుగెత్తడం, రెండూ ఒకదాని మీద ఒకటి కళ్ళముందు తిరిగాయి. కట్టకపోయినా బాగుండేది, కట్టి చూపించి లాక్కోవడం కంటే. కాసేపటికి ముక్కు తుడుచుకుని, ఇంజనీరు బుద్ధి పోనిచ్చుకోలేక, ఉత్తర్వు మొదట్నుంచీ మళ్ళీ చదివింది. కూల్చివేత కూడా నిర్మాణరంగ కార్యకలాపమే కాబట్టి దానికి ఉత్పాదకతా మహోద్యమం నిబంధనలన్నీ వర్తిస్తాయి. పని ఎప్పటిలాగే రాష్ట్రంలో అత్యధిక మార్కులున్న ముఠాకే అప్పగించాలి. ఏ కార్మికుడూ అనవసరంగా కదలరాదు. హైమవతి ఆ మూడు ముక్కలూ మరోసారి చదివి బస్సులో గట్టిగా నవ్వింది. కండక్టర్ వచ్చి ఎక్కడ దిగాలమ్మా అని అనుమానంగా అడిగాడు.

కూల్చివేత రోజున ఊరంతా రైల్వే గేటు దగ్గర చేరింది. పిల్లలు పెట్టెలు దగ్గర పెట్టుకుని వరండాలో బిక్కుబిక్కుమంటూ నిలబడ్డారు. హైమవతి చెప్పినా సలోమికి నమ్మకం చిక్కక బైబిల్ గుండెకు ఆనించుకుని ఉంది. దాలినాయుడి ముఠా గునపాలూ సమ్మెటలూ భుజాన వేసుకుని వచ్చింది. ఈసారి బొమ్మలు అక్కర్లేదనీ, నిలబడటానికి తామే సరిపోతామనీ మేస్త్రి ముందే చెప్పాడు. కొబ్బరికాయ కొట్టారు. కెమెరా పచ్చదీపం వెలిగింది. ముఠా అంతా సమ్మెటలు ఎత్తి పట్టుకుని, హాస్టలు వైపు తిరిగి, ఎక్కడివాళ్ళక్కడ ఆగిపోయారు.

జనం ఊపిరి బిగబట్టి చూశారు. ఎవరూ కదలలేదు. చాలాసేపటికి వెనక వరుసలో ఎవరికో సంగతి అర్థమై కిసుక్కున నవ్వారు. అది అలా అలా పాకి పిల్లల దాకా వచ్చింది. సలోమి బైబిల్ దించి, వంటామెను పిలిచి, పొయ్యి వెలిగించమంది.

ఆ నెల ఫలితాల్లో పెదకంచర కూల్చివేతకు నూటికి నూరు వచ్చాయి. కమిషనర్ అభినందిస్తూ, ఇదే వేగం కొనసాగించమని రాశాడు. హైమవతి ప్రతి సోమవారం కూల్చివేత ముమ్మరంగా సాగుతోందని నివేదిక పంపుతుంది. పిల్లల్ని పెళ్ళిచూపులకు పంపమన్న తండ్రులకు, హాస్టలు ఎక్కడికీ పోవడం లేదని సలోమి కబురు పెట్టింది. పిల్లలు పుస్తకాల సంచులతో పొద్దున్నే సమ్మెటల మధ్య నుంచి బడికి పోయి, సాయంత్రం మళ్ళీ సమ్మెటల మధ్య నుంచే వస్తారు.

ఒక సాయంత్రం ఎనిమిదో తరగతి పిల్ల ఒకతి దాలినాయుడి ముందు ఆగింది. ఆ పిల్ల తండ్రి సంబంధం చూసిన ఇద్దరిలో ఒకడు. మేస్త్రి సమ్మెట కిందుగా తల పెట్టి, మెల్లగా అడిగింది.

“మామయ్యా, మా హాస్టలు ఎప్పటికి కూలుద్ది?”

దాలినాయుడు కెమెరా వైపే చూస్తూ, మీసం వెంట్రుక కూడా కదలకుండా జవాబు చెప్పాడు.

“నువ్వు డాట్రయిపోయీ దాకా కూల్తాది తల్లీ. ఎల్లి సదూకో.”